సైడింగు దారిలో గుర్రం

1993 ఆగస్టు 16

మళ్ళీ అదే గొడవ. ఈసారి ఆయనే పడ్డారు.

పాత సైడింగు పట్టాల పక్క ఎర్రమట్టి దారి. వానకి నానిపోయి ఉంది. గుర్రం అడుగులు దిగిన చోటల్లా గుంటలు, గుంటల నిండా నీళ్ళు, పైకి ఏటీ కనపడదు. ముందు చక్రం దిగబడి సైకిలు తిరగబడింది. మణికట్టు వాచిపోయింది. అలాగే డ్యూటీకి పోయారు, వర్క్‌షాప్ సైరన్ అయిపోతుందని.

సాయంత్రం నేను కట్టు కట్టినాను. పొద్దంతా ఆస్పత్రిలో కట్లు, ఇంటికొస్తే ఇక్కడా కట్లే.

"ఆ డోరా మిస్ గుర్రం ఉన్నన్నాళ్ళూ ఆ దారి మనది కాదు," అంటారు.

మనది ఎప్పుడైందో. రైల్వేది.

ఆగస్టు 19

వాన. గుమ్మంలో కూచుని రాజు సైకిలు తుడుస్తన్నాడు. లావు టైర్లు, గేర్లు. అప్రెంటిస్ డబ్బులన్నీ దానికే. "వదినా, దీనికి గుంటలొక లెక్కా?" మా మరిదికి ఆ సైకిలు ముందు అన్నం కూడా లెక్కలేదు. సాయంత్రాలు స్నేహితులతో ఆ దారిలోనే పందేలు. గట్టు ఎక్కి దూకడం, మట్టి కొట్టుకుని రావడం. బట్టలు ఉతికేది నేను.

ఆగస్టు 29

ఆరాధన అయ్యాక చర్చి వెనక మగాళ్ళు గుంపు కట్టినారు. అందరూ ఆ దారినే డ్యూటీకి పోయేవాళ్ళు. ఒకడికి మోకాలు, ఒకడికి మోచెయ్యి. ఒకడి మీదకి గుర్రం కాలు విసిరిందట. చివరికి నన్ను ముందుకి తోసినారు. "ఆడమనిషి కదా, నీ మాట వింటాది."

ఆయన వెంట పోయినాను. కాళ్ళు పీకుతున్నాయి. ఆదివారమైనా పడుకోనివ్వరు.

డోరా మిస్ రేకుల షెడ్డు కింద కూచుని గుర్రం జూలీ గిట్ట ఒళ్ళో పెట్టుకుని మట్టి గీకుతోంది. తెల్లటి ముఖం, మన మాట. వాళ్ళ నాన్న ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు, ఆమెని పెంచింది మన పలాస ఆయా. మరి ఇంగ్లీషు ఎంతొచ్చో మన మాటా అంతొచ్చు.

"ఏటమ్మా, అందరూ ఒకేపాలి ఒచ్చినారు? నా గుర్రాన్ని ఉరి తీస్తారేటి?"

ఆయన గట్టిగానే మాట్లాడినారు. దారి పాడైంది, మనుషులు పడుతున్నారు, ఇంకెక్కడైనా తిప్పుకోండి.

"ఎక్కడ తిప్పీది సెప్పు నాయనా. తారు రోడ్డు మీద లారీలు. మైదానంలో ఆటలు. దీన్ని నడిపించకపోతే కాళ్ళు పట్టేస్తాయి. ఈ గుర్రం మీద నలుగురు పిల్లలు నేర్చుకుంటేనే దీనికీ తిండి, నాకూ తిండి." గిట్ట దించింది. "ఎనకాల్నించి సప్పుడు లేకుండా ఒస్తారు మీరు. పులి ఒచ్చిందనుకుంటాది పిచ్చిది. గంట కొడితే ఇంకా అదురుతాది. మనిషి నోటితో పిలవండి. మాట వింటే ఊరుకుంటాది."

ఎవరికీ ఈ మాట తెలీదు. ఇన్నేళ్ళూ గుర్రం కనపడితే చాలు, గంట మోగించినారు.

ఒప్పందం కుదిరింది. సైరన్ అయ్యేదాకా పొద్దున గుర్రం రాదు. సాయంత్రం గుర్రం కనపడితే సైకిలు దిగి, పిలిచి, పక్కన నిలబడాలి. వానాకాలం వెళ్ళేదాకా ఆమె గట్టు మీద నడిపిస్తుంది.

తిరిగొస్తూ ఆయన — "మాటలు బానే నేర్చింది." కోపం లేదు ఆ గొంతులో.

సెప్టెంబరు 11

ఎవరూ పడలేదు. దేవుడికి స్తోత్రం. నైట్ డ్యూటీ వేసినారు. నిద్ర లేదు.

అక్టోబరు 3

డ్యూటీ నించి వస్తూ చూసినాను. రాజు సైకిలు దిగి, "జూలీ, ఓ జూలీ, నేనే" అంటన్నాడు. అది చెవులు వాల్చింది. పక్కనించి తాపీగా పోయింది. డోరా మిస్ టోపీ ఎత్తింది వాడికి, దొరకి ఎత్తినట్టు. ఇంటికొచ్చి ఆ మాటే ఎన్నిసార్లు చెప్పినాడో.

అక్టోబరు 24

దసరా పూజల సందడి. పక్కనున్న ఇందా పేట నించి మైకులు. తలనొప్పి.

నవంబరు 9

రాసుకోవాలి.

సైకిలు పంక్చరై నడిపించుకుంటూ వస్తన్నాను. మలుపు దగ్గర రాజు ఎదురొస్తన్నాడు. గుర్రం మీద పెద్ద ఆఫీసరు బంగళా అమ్మాయి. పధ్నాలుగేళ్ళుంటాయేమో. డోరా మిస్ వెనక చాలా దూరంలో నడిచి వస్తోంది, ఈమధ్య ఆమెకి మోకాళ్ళ నొప్పి.

రాజు దిగినాడు. పిలిచినాడు. కంచె వైపు జరిగి నిలబడినాడు. అంతా ఒప్పందం ప్రకారమే.

ఆ పిల్ల నవ్వింది. "హటో!" అని జూలీని కొరడాతో ఒకటి కొట్టి వాడి మీదకే తోలింది. బెదిరించడానికి. ఆట. వాడు ఎటు పోతాడు, వెనక కంచె, ముందు గుర్రం. జూలీ వాడిని తొక్కడం ఇష్టంలేక ఆగింది... రెండు కాళ్ళ మీద లేచింది. పిల్ల కింద పడింది.

నేనే పరిగెత్తినాను. మెడ దగ్గర ఎముక విరిగింది, చేత్తో తడిమితే తెలిసింది. నా కొంగు చింపి చెయ్యి కట్టినాను. రాజు ఎత్తుకుని మెయిన్ రోడ్డు దాకా తెచ్చినాడు.

వార్డులో వాళ్ళ నాన్నగారు వచ్చాక పిల్ల చెప్పింది — "సైకిల్‌వాలా వచ్చి గుద్దేశాడు."

డోరా మిస్‌ని అడిగినారు. "నాను దూరంలో ఉన్నాను. సరిగ్గా సూడలేదు." నా వైపు చూడకుండానే అంది.

నన్నెవరూ అడగలేదు. మాత్రల ట్రే పట్టుకుని నిలబడినాను.

నవంబరు 12

దారి మొదట్లో, చివర్లో పాత రైలు పట్టా ముక్కలు అడ్డంగా పాతి, సైకిళ్ళు నిషేధం అని బోర్డు పెట్టినారు. గుర్రం పోవడానికి మాత్రం ఒక వారన సందు.

ఇప్పుడందరూ లెవెల్ క్రాసింగు చుట్టూ తిరిగి పోవాలి. గేటు పడిందంటే గూడ్సు బండి పోయేదాకా నిలబడాలి. లేటు. గేటు దగ్గర తిట్లు... కొన్ని డోరా మిస్‌ని, కొన్ని మా రాజుని.

నవంబరు 13

రాజుకి పిలుపు వచ్చింది. శుక్రవారం ఆఫీసుకి రమ్మని. అప్రెంటిస్‌లోంచి తీసేస్తారంటున్నారు. వాడు అన్నం ముట్టడంలేదు. సైకిలు గోడకి ఆనించి దుప్పటి కప్పేసినాడు.

ఆయన — "చూసినదానివి నువ్వే కదే. చెప్పవేటి?"

"చెప్తే ఆ వార్డులో నేను మళ్ళీ నిలబడగలనా? పిల్ల అక్కడే ఉంది."

"అయితే వాడు పోనీ?"

రాజు ముట్టని కంచం మీద మూత పెట్టి పడుకున్నాను.

నవంబరు 16

మధ్యాహ్నం డోరా మిస్ ఇంటికొచ్చింది. ఎప్పుడూ రాలేదు ఈ గుమ్మం లోపలికి. టీ ఇచ్చినాను. తాగలేదు, కప్పు పట్టుకుని కూచుంది.

"నువ్వు సూసినావు. నాకు తెల్సు."

"మీరూ చూసినారు మిస్."

మా గోడకి ఉన్న యేసు పటం వైపు చూస్తోంది.

"ఆ పిల్ల అబద్ధమాడిందని నా నోటంట ఒస్తే, బంగళాల్లోంచి ఒక్క పిల్లా రాదు రేపట్నించి. అప్పుడు జూలీకి ఏటి పెడతాను తల్లీ? నాకంటే ఏదో ఒకటి. అది అడగలేదు కదా." కప్పు అటూ ఇటూ తిప్పింది. "నీ మరిది కుర్రాడు. ఈ పని పోతే ఇంకోటి ఒస్తాది. నా గుర్రానికి ఇంకో నేను లేను."

కోపం రావాలి నాకు. రాలేదు. ఆమె బూట్ల వైపు చూసినాను, మడమ దగ్గర దారంతో కుట్టుకున్నవి.

"మిస్, నేను శుక్రవారం పోతాను. చెప్తాను. మీరు రండి, రాకపోండి."

తలూపింది. కప్పు కింద పెట్టి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది.

నవంబరు 18

వార్డులో ఆ పిల్ల నన్ను అడిగింది — "దీదీ, జూలీ కైసీ హై?" కట్టు సర్దుతున్నాను. "ఠీక్ హై," అన్నాను. ఇంకో మాట అడగబోయి మానేసింది. కళ్ళలో నీళ్ళు. పిల్లే కదా. ఒప్పుకోడానికి భయం. వాళ్ళ నాన్నంటే నాకే భయం.

నవంబరు 19

ఆఫీసు వరండాలో బెంచీ. రాజు, ఆయన, నేను. ఏటేటి చెప్పాలో లోపల వల్లె వేసుకుంటన్నాను. హిందీలో చెప్పాలా, ఇంగ్లీషులోనా... మాటలు అన్నీ కలిసిపోతున్నాయి.

టక్ టక్‌మని బూట్ల చప్పుడు. డోరా మిస్. టోపీ, ఇస్త్రీ చేసిన పాత కోటు. మమ్మల్ని చూడలేదు. ప్యూను "ఆగండి మేడమ్" అంటన్నా వినకుండా తలుపు తోసుకుని లోపలికి పోయింది.

తలుపు సగం తెరిచే ఉండిపోయింది. ఇంగ్లీషులో చెప్పింది, నెమ్మదిగా, బైబిలు చదివినట్టు. కుర్రాడు దిగాడు. పిలిచాడు. నిలబడ్డాడు. పిల్ల కొట్టింది. ఆరోజు తాను చెప్పింది అబద్ధం.

తర్వాత నన్ను పిలిచినారు. "ఇది నిజమేనా, సిస్టర్?"

"నిజమే సార్."

అంతే. అన్ని రోజులు మోసిన మాట, ఇంత చిన్నది.

బయటికి వచ్చేసరికి ఆమె లేదు. రాజు వెనక పరిగెత్తినాడు. దొరకలేదట.

నవంబరు 27

రాజుకి ఏ చర్యా లేదు. ఇంట్లో ఊపిరి ఆడుతోంది.

అడ్డు రైలు ముక్కలు తీస్తారేమోనని అందరూ చూసినారు. తియ్యలేదు. బోర్డు మార్చినారు. సైకిళ్ళూ గుర్రాలూ నిషేధం. ఆ సందులో ఇంకో రైలు ముక్క పాతేసినారు.

డిసెంబరు 8

మనుషులు సైకిళ్ళు భుజానెత్తుకుని అడ్డు దాటించి పోతన్నారు. ఎవరూ ఆపడంలేదు. ఆయనా అలాగే పోతన్నారు. గుర్రాన్ని ఎవరు ఎత్తుతారు.

"ఇప్పుడు దారి మనదే అయింది కదా," అన్నాను.

ఆయన లుంగీ సర్దుకుని బయటికి పోయారు.

డిసెంబరు 20

నేర్చుకునే పిల్లలు ఒక్కరూ రావట్లేదట. రేకుల షెడ్డు ముందు జూలీ కట్టుతాడు ఎంత పొడుగో అంత మేర గుండ్రంగా తిరుగుతోంది. నేల అరిగిపోయింది.

రాజు పొద్దున్నే గడ్డి కోసుకొస్తన్నాడు, ఆ లావు టైర్ల సైకిలు మీద. నిన్న ఆయన సైకిలు వెనకా మోపు చూసినాను.

1994 జనవరి 14

జూలీ ఎడమ కాలు ఈడుస్తోంది. నడక లేకే. డోరా మిస్ అన్నదే జరిగింది. వేన్నీళ్ళ కాపడం పెట్టొచ్చినాను. మనుషుల నర్సుని, గుర్రానికి కూడా. నవ్వుకున్నాం ఇద్దరం. చాలా రోజుల తర్వాత.

జనవరి 30

నది అవతల మేదినీపూర్‌లో ఊరేగింపు గుర్రాలు పెట్టుకున్న ఒక పెద్దాయన జూలీని తీసుకుంటానన్నాడట. నది ఒడ్డున మేత ఉంది, తిప్పడానికి చోటుంది. "పెళ్ళికొడుకులు ఎక్కుతారు దాని మీద," అంది డోరా మిస్. "బాజాలకి అదరకుండా నేర్పాలట."

ఫిబ్రవరి 6

ఆదివారం. జూలీని పంపే రోజు, అది లారీ ఎక్కదు. ఎక్కించే చెక్క పలక చూడగానే వణికింది, చెమట పట్టింది. నడిపించే తీసుకుపోవాలి. తారు రోడ్డు, లారీలు, ఆపైన కాసాయి నది బ్రిడ్జి.

డోరా మిస్ కళ్ళెం పట్టుకుని నడుస్తానంది. ఆ మోకాళ్ళతో. రాజు — "నేను ముందు సైకిలు మీద పోతాను మిస్. లారీలకి చెయ్యి చూపించి ఆపుతాను."

ఆయన — "నీకేటి పట్టింది రా? లారీ వాడు ఆగుతాడేటి నీకు?"

వాడు విన్లేదు. పొద్దున్నే బయల్దేరినారు. వాడు ముందు, వెనక ఆ ఇద్దరూ, కుంటుకుంటూ ఒకే నడక. చర్చికి పోతూ మలుపు దాకా చూసినాను.

మధ్యాహ్నమైంది. రాలేదు. సాయంత్రం పక్క క్వార్టర్ దీదీ బస్సులో వచ్చి చెప్పింది. బ్రిడ్జి మధ్యలో గుర్రం నిలబడిపోయింది, ముందుకీ వెనక్కీ కదలదు, రెండు వైపులా బళ్ళు ఆగిపోయాయి, హారన్లు. ఒక ముసలి మేమ్‌సాహెబ్ దాని మెడ పట్టుకుని ఏదో మాట్లాడుతోందట. సైకిలు కుర్రాడు లారీలకి అడ్డంగా నిలబడ్డాడట.

ఆయన విన్నారు. చెప్పులు తొడుక్కుని సైకిలు తీసి, తొక్కుకుంటూ పోయారు.

వెలుతురు తగ్గుతోంది. ఎసరు పెట్టినాను... డోరా మిస్‌ని కూడా ఇంటికే తెస్తారేమో, బియ్యం ఎంతమందికి పోయాలో తెలీడంలేదు.