పుస్తకం మూసి వాయించడం

తమ్ముడు దేవదానానికి,

నీవు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. సికింద్రాబాదు బ్యాండులో నీతో కలిసి, అప్పటికప్పుడు తోచింది అల్లుకుంటూ జాజ్ వాయించిన సాల్మన్ మూడు నెలలుగా ప్రతి శనివారం నల్లగొండ బస్సెక్కి వచ్చి నాకు నేర్పుతున్నాడు. ఈరోజు నీ జ్ఞాపకార్థ కూడికలో, నీలాగే పుస్తకం చూడకుండా హార్మోనియం వాయించాలని ఆశపడ్డాను.

అతడు వాయించినదంతా, మిషన్ స్కూల్లో దొరసాని నేర్పిన నొటేషన్‌లో రాసుకుని వారమంతా సాధన చేసేదాన్ని. అదే వినిపిస్తే తల పట్టుకునేవాడు.

“పెద్దక్కా, గది పోయిన వారంది. ఇయ్యాల నీకేమనిపిస్తాందో గది వాయించు.”

“నాకు భయమైతాంది. దానికి ఏ స్వరం?”

“గా భయమే వాయించు.”

పొద్దున కూడికలో అందరూ ఎదురుచూశారు. నా వేళ్లు కదలలేదు. చివరికి కీర్తనల పుస్తకం తెరిచి, ఎప్పటి పాటే వాయించాను.

చిన్నప్పుడు పుస్తకంలో రాసింది వదిలి సొంతంగా వాయించబోయావని నీ వేళ్ల మీద కొట్టాను. చర్చిలో మళ్లీ హార్మోనియం ముట్టనివ్వలేదు. నీవు సికింద్రాబాదు వెళ్లాక, ఎన్నిసార్లు పిలిచినా నీ వాయింపు వినడానికి రాలేదు.

“ఫికర్ చెయ్యకు పెద్దక్కా. వాడు వాయించింది యాది చేసుకో, చెయ్యి దానంతటదే కదులుతది” అన్నాడు సాల్మన్, కూడికయ్యాక బస్సెక్కే ముందు.

యాది చేసుకోవడానికి నా దగ్గర ఒక్క స్వరం కూడా లేదని అతడికెలా చెప్పను, తమ్ముడా?

నీ పెద్దక్క