దిద్దని ఫొటో

కోడూరు

చిరంజీవి లాస్యకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా, స్టూడియో కులాసా. తనూ కులాసానే అని నీకు చెప్పమంటుంది మీ అమ్మ, రాశాను. ఆ మాటకు నా పూచీ ఎంతవరకో చివర్లో చెబుతాను. గుడివాడలో నీ పళ్ళ క్లినిక్‌కు రంగులు వేయడం పూర్తయిందా? కుర్చీ బిగించారా?

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. నీకు ఫోను కలిపితే చాలు, మీ అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి స్పీకరు పెట్టిస్తుంది. మెసేజీలు నాకన్నా ముందు తనే చదువుతుంది. అందుకే ఈ ఉత్తరాన్ని నీకు పంపే కెమెరా పెట్టెలో స్పాంజి కింద దాచి బస్సులో పంపుతున్నాను.

పేషెంట్ల పళ్ళు ఫొటో తీయడానికి పెద్ద కెమెరా కొనాలా అని రాశావు. అక్కర్లేదు తల్లీ. నేను పక్కన పెట్టిన పాతది చాలు. పెళ్ళిపందిట్లో పిల్లల్లాగా పళ్ళు పరిగెత్తవు కదా! చూసి కొనాల్సింది లెన్సు. బందరు వెళ్ళి నరేంద్ర కొట్లో, చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్సులు రెండు రకాలు చూశాను. యాభై మాక్రోతో తీయాలంటే పేషెంటు మూతికి మూతి ఆనించాలి, పైగా వెలుగుకు లెన్సే అడ్డం. వంద మాక్రో అయితే కాస్త ఎడంగా నిలబడి తీయొచ్చు. నరేంద్ర ముందు ఇచ్చిన దాంట్లోకి టార్చి వేసి చూస్తే లోపలంతా బూజు. సముద్రపు గాలి మహిమ! "ఏంటోయ్, ఇందులో ఊరగాయ పెట్టావా?" అన్నాను. "నీ కళ్ళకి దణ్ణం మావయ్యా" అంటూ లోపల్నుంచి మంచిది తీసుకొచ్చాడు. తేమ పీల్చే పొట్లాలు పెట్టెలో వేస్తున్నాను, పారేయకు.

ఫ్లాషు ఏది మేలో తేల్చడానికి మన చేపల అంకమ్మను పట్టుకున్నాను. "నా పళ్ళెందుకు బాబాయ్, బుట్టలో సందువాలు తియ్యి, చూసినోళ్ళు కొంటానికన్నా వస్తారు" అంటూనే బల్ల మీద కూర్చుంది. లెన్సు చుట్టూ తొడిగే రింగు ఫ్లాషుతో తీస్తే వెనక దంతాల దాకా వెలుగు పడింది గానీ, ముందు పళ్ళు సున్నం కొట్టిన గోడలా చదునుగా వచ్చాయి. అటొకటి ఇటొకటి చిన్న ఫ్లాషులు పెడితే ముందు పళ్ళ మీద సన్నగీత కూడా తెలిసింది. నీకు మొదట్లో వెనక దంతాల కేసులే ఎక్కువ వస్తాయన్నావుగా, రింగు తీసుకున్నాను. నోట్లో పెట్టే అద్దానికి ఆవిరి పడుతోందన్నావు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తుడిచి పెట్టి చూడు.

ఇంకో మాట. సెట్టింగులు ఒకసారి కుదిరాక వాటి జోలికి వెళ్ళకు. వైద్యానికి ముందూ తర్వాతా అదే వెలుగు, అదే దూరం ఉండాలి. లేకపోతే పన్ను బాగుపడింది నీ చేతి చలవో, ఫ్లాషు చలవో ఎవరికీ తెలియదు.

ఇలా నీకు నీతులు చెబుతున్న మీ నాన్న చేసిన ఘనకార్యం విను. నేను పంపిన ఫొటో చూసి, "ఎవరివి నాన్నా ఈ పళ్ళు, చిగుళ్ళు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో!" అని మురిసిపోయావే, అవి మీ అమ్మవి. మా పెళ్ళి ఆల్బం నుంచి నీ పట్టా ఫొటో దాకా ఎక్కడా మీ అమ్మ పళ్ళు కనిపించవు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఊరందరినీ నవ్వించి ఫొటోలు తీసే నాకు ఇంట్లోనే చుక్కెదురు. నీ క్లినిక్ కోసమంటే, "ముఖం రాకూడదు సుమండీ" అని ఒట్టేయించుకుని నోరు తెరిచింది.

ఆ ఫొటో కంప్యూటర్లో తెరిచాక నా చెయ్యి ఊరుకోలేదు. పెళ్ళివారి ఆల్బములు చేసీ చేసీ వచ్చిన అలవాటు. పళ్ళు తెల్లగా చేశాను. వెనక దంతం పక్కన చిగురు మీద ఎర్రటి పొక్కు ఉంటే, పెళ్ళికూతురి మొటిమ తీసేసినట్టు తీసేశాను. తీసేస్తున్నది ఏమిటని కూడా ఆలోచించలేదు. నున్నగా దిద్ది నీకు పంపాను, నువ్వు ఆరోగ్యమన్నావు.

మొన్న భోజనాల దగ్గర చూస్తే, మీ అమ్మ అన్నీ ఒకవైపే నములుతోంది. ఆవకాయ ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి, ముక్కను కంచం అంచుకు నెట్టేసింది. అప్పుడు అసలు ఫొటో మళ్ళీ తెరిచి చూశాను. తను నమలని వైపే ఉంది ఆ పొక్కు. అడిగితే, "క్లినిక్ తెరిచేదాకా దాని చెవిన వెయ్యకండి. అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుంది. అయినా కన్నతల్లి నోట్లో డ్రిల్లు పెట్టాలంటే పిల్ల చేతులు వణకవూ?" అంది. నాకు భయంగా ఉంది లాస్యా. మీ అమ్మ బాధను నా చేత్తోనే తుడిచేసి నీకు కనపడకుండా చేశాను.

కెమెరా కార్డులో మొదటి ఫొటో అదే. చుక్క కూడా దిద్దలేదు. చూసిన వెంటనే కబురు చెయ్యి. రేపే రమ్మంటే రేపే తీసుకొస్తాను. నీకు కెమెరా నేర్పాలని మీ అమ్మకు సాకు చెబుతాను. బోణీకి చేతి చలవున్న మనిషిని చూడమన్నావుగా, చూసిపెట్టాను. బాగు చేశాక ఆవిడ ఫొటో ఒకటి ముఖంతో సహా తీస్తాను. పళ్ళు ఎలా ఉంటే అలాగే రానీ.

ఇట్లు,
మీ నాన్న,
రామబ్రహ్మం

లాసీ, పొట్లాలు సర్దుతుంటే స్పాంజి కింద ఈ కాగితం దొరికింది. మీ నాన్న దాపరికం మన పిల్లి కూడా కనిపెడుతుంది. చదివాక ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. సాకు చెప్పగానే నమ్మినట్టు బయల్దేరతాలే. నీ చెయ్యి వణికితే వణకనీ, నేను కదలకుండా కూర్చుంటాను. బోణీ ఊరికే చెయ్యకూడదు, ఫీజు మీ నాన్న దగ్గర వసూలు చెయ్యి. ఫొటోకి కొంగు అడ్డం పెట్టుకోను. ఆ సంగతి మాత్రం ఆయనకి ముందే చెప్పకు.

ఇట్లు,
అమ్మ