గ్రాఫిక్స్ కార్డు వచ్చేసింది

అమ్మాయ్,

షాపతను ఇప్పుడే ఫోన్ చేశాడు. మనం బిగించబోయే కంప్యూటర్‌కి అనుకున్న గ్రాఫిక్స్ కార్డు వచ్చిందట, అదీ ఒక్కటే ఉందట! వేరేవాళ్ళు ఎగరేసుకుపోకముందే వెళ్తున్నాను. నువ్వు ఆఫీసు నుంచి రాగానే డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి తుడిచిపెట్టు. ప్రాసెసర్ పెట్టె నా బీరువాలో బట్టల కింద ఉంది. నేను వచ్చేలోపు విప్పావంటే ఊరుకోను. మీ ఆయన మళ్ళీ రంగురంగుల లైట్ల కేబినెట్ అంటే పట్టించుకోకు. ఆ లైట్లు మానేశాం కాబట్టే ఈ కార్డు మన బడ్జెట్‌లో పట్టింది. లైట్లు ఆట ఆడతాయా ఏంటి?

"మనవడికా అమ్మా?" అన్నాడు షాపతను. "మనవడెవరూ లేడు నాయనా, నాకూ మా కోడలికీ" అన్నాను. "మీకా?" అని రెండుసార్లు అడిగాడు. నాకైతే నవ్వాగలేదు. తొందరలో ఒక కాలికి నీ చెప్పు వేసుకుని గేటు దాకా వెళ్ళి, ఇది రాయడానికి వెనక్కొచ్చాను.

వంట చెయ్యలేదు. వాణ్ణి చెయ్యమను.

అత్తయ్య

అన్నట్టు, మొన్న ఫోన్‌లో కార్ల రేసు ఆడినప్పుడు నువ్వు కావాలనే బ్రేకు వేసి నన్ను గెలిపించావని నాకు తెలుసు. ఆ రోజంతా గాల్లో తేలాను, అది వేరే సంగతి. కొత్త కంప్యూటర్ మీద మాత్రం అలా చేశావంటే నీతో మాట్లాడను. చేతనైతే నన్ను నిజంగా ఓడించు.