బండి కింద నేను, షెడ్డులో బామ్మర్ది

ఫిబ్రవరి 1, ఆదివారం

ప్రతిజ్ఞ చేశాను! అదీ సూళగిరి టీకొట్టు ముందు, అందరూ చూస్తుండగా. ఇక వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు.

జరిగింది ఇదీ. పొద్దున కొత్తిమీర లోడు కోసం తోటలోకి పోతే, నా టెంపో బండి అడుగున రాయి తగిలింది. ఇంజను కింద ఆయిల్ నిలవుండే ఇనుప తొట్టి ఒకటుంటుంది. ఆయిల్ చాంబర్ అంటారు. అది చీలిపోయింది. బండిని అత్తిముగంలో మా ఇంటి ముందుకు తోయించి, బస్సెక్కి సూళగిరి వెళ్ళాను. అక్కడ షెడ్డు నడిపే మాదేశ్ నాకు స్వయానా బామ్మర్ది. సుమ తమ్ముడు.

విషయం చెబితే పడీపడీ నవ్వాడు.

"బావా, నీకు స్టీరింగు తిప్పేది తప్ప బండి గురించి ఏం తెలుసప్పా? కింద దానికీ పొట్ట ఉండాదని చూసుకొని తోలాల కదా!"

టీ మాస్టరు కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"నా బండి ఇంక నీ షెడ్డు గడప తొక్కదు రా! చాంబర్ నేనే మారుస్తా!" అన్నాను.

"మార్చు బావా, మార్చు. పిలిస్తే వచ్చి చూస్తా. పిలవకుంటే మీ ఇంటి పక్కకే రాను" అన్నాడు వాడు.

ఇంటికొచ్చి చెబితే సుమ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"వచ్చే ఆదివారం పాపకు చెవులు కుట్టేది పెట్టుకొని, ఈ పొద్దా నీకు రోషం వచ్చేది? మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కదప్పా కుట్టాల! నాకుండేది వాడొక్క తమ్ముడు."

నిజమే. పైగా మేనమామను ఇంటికెళ్ళి తాంబూలం ఇచ్చి పిలవాలి. ఫోనులో పిలిస్తే చెల్లదని మా అమ్మ కెంచమ్మ తీర్పు. అందుకని నా ప్లాను: చాంబర్ నేనే మారుస్తాను. బాగైన బండి తోలుకుంటూ పోయి షెడ్డు ముందు హారన్ కొడతాను. దిగి, దర్జాగా తాంబూలం ఇస్తాను. వాడి మొహం చూడాలి అప్పుడు!

ఫిబ్రవరి 2, సోమవారం

కోడి కూయకముందే లేచాను. టీ. ఫోనులో వీడియో చూశాను. మళ్ళీ చూశాను. ఏముంది ఇందులో? పాత ఆయిల్ దించాలి. బోల్టులు విప్పాలి. పాత చాంబర్ తీసి కొత్తది బిగించాలి. మధ్యలో ఆయిల్ కారకుండా పేస్టు పూయాలి. అంతే! దీనికా ఇన్నేళ్ళూ మాదేశ్ అంత పోజు కొట్టింది?

హోసూరు వెళ్ళి కొత్త చాంబర్, పేస్టు, ఆయిల్ తెచ్చాను. మెకానిక్కు ఎవరని కొట్టువాడు అరవంలో అడిగాడు. నేనే అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడానికి!

ఇంటికి రాగానే అమ్మ అడ్డుపడింది. "కొత్త ఇనుము పసుపు కుంకుమ లేకుండా బండికి ఎక్కిస్తావా? యాడన్నా గుద్దుకొంటే?"

చాంబర్‌కు చుట్టూ చదునైన అంచు ఉంది. అమ్మ దానికి గడపకు పూసినట్టు చిక్కగా పసుపు పూసి, బోల్టు బెజ్జానికి ఒక బొట్టు చొప్పున కుంకుమ పెట్టింది. కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. మాదేశ్ చూసినట్టు ఫోను చూపించింది. ఒక్క మాట అనలేదు. కుళ్ళు!

ఫిబ్రవరి 3, మంగళవారం

మంగళవారం కొత్త పని మొదలుపెట్టొచ్చా అని అమ్మను అడిగాను. కూడదంది. చాలా బాధపడ్డాను. ఆ బాధలో ఎండెక్కేదాకా పడుకున్నాను.

తరువాత ఆలోచిస్తే, ఆయిల్ దించడం పాత పనే కదా, కొత్త పని ఎలా అవుతుంది అనిపించింది. బండి కింద దూరి అడుగు బోల్టు విప్పాను. చీలికలోంచి కారిపోయింది పోగా ఇంకా చాలా ఉంది లోపల! పెట్టడానికి ఏమీ కనబడలేదు. చేతికందిన పెద్ద గిన్నె లాగి కింద పెట్టాను.

అది అమ్మ సంగటి గిన్నె.

ఇక్కడ రాయదగ్గ మాటలు ఆమె ఏవీ అనలేదు. మధ్యాహ్నం నాకు సంగటి లేదు. రాత్రికి కూడా లేదు. సుమ నిన్నటి అన్నం పెట్టి, "తమ్మున్ని పిలిచేదానికి ఎప్పుడు పోతావు?" అంది. బుధవారం అన్నాను. బుధవారం చాంబర్ పని అయిపోతుంది, ఖాయం.

ఫిబ్రవరి 4, బుధవారం

అయిపోలేదు.

పొద్దున నేల మంచుగడ్డలా ఉంది. గోనెపట్టా పరుచుకుని బండి కింద పడుకున్నాను. బోల్టులు విప్పుతూనే ఉన్నాను, వస్తూనే ఉన్నాయి. ఒక తొట్టికి ఇన్ని బోల్టులు ఎందుకయ్యా? పారిపోతుందా అది?

పక్కింటి హనుమంతయ్య మామ మంచం తెచ్చి వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు ట్రాక్టరు ఉంది కాబట్టి ఇంజన్లన్నీ తెలుసని ఆయన నమ్మకం.

"ఎడమకు తిప్పప్పా శశీ."

"తిప్పినా మామా."

"అట్లయితే కుడికి తిప్పు."

బోల్టులన్నీ వచ్చాయి. చాంబర్ మాత్రం రాలేదు! పాత పేస్టు పట్టేసి ఉంది. సుత్తితో తట్టాను. లాగాను. వేలాడాను. చివరికి అంచు సందులో ఏదైనా దూర్చి మీటాలని అమ్మ సంగటి కెలికే కట్టె అడగకుండా తెచ్చాను. గిన్నె ఎలాగూ పోయింది, కట్టెకు కొత్తగా వచ్చే నష్టం ఏముంది?

మీటాను. వచ్చేసింది. అడుగున మిగిలిన ఆయిల్‌తో సహా నా మొహం మీదికి వచ్చింది.

బండి కింద నుంచి బయటికి వస్తే పాప నన్ను చూసి కెవ్వుమని అరిచి వాళ్ళమ్మ కొంగులో దూరింది. హనుమంతయ్య మామ కూడా మంచం కాస్త వెనక్కి జరుపుకున్నాడు. పిలవడానికి ఈ మొహంతో ఎలా పోను? రేపు పోతాను.

ఫిబ్రవరి 5, గురువారం

బిగించేశాను!!! నేనే! ఒక్కణ్ణే!

చిన్న సంగతి ఒకటుంది. అంచుకు పేస్టు పూయబోతే దానిమీద అమ్మ పూసిన పసుపు ఉంది. ఎండి గట్టిపడింది. వీడియోలో వాడేమో అంచు అద్దంలా తుడవాలన్నాడు. వాడి దగ్గర మా అమ్మ లేదు. నేను గుడ్డ చేతిలోకి తీసుకున్నానో లేదో, "పసుపు తుడిచేస్తావా, చెవులు కుట్టే ఇంట్లో?" అని కేక వేసింది. సంగటి గిన్నె విషయం ఇంకా వేడిమీదే ఉంది కాబట్టి, గుడ్డ దాచి, పసుపు మీదనే పేస్టు పూసేశాను. కాస్త ఎక్కువే పూశాను.

ఇంకో చిన్న సంగతి. ఒక బోల్టు మిగిలింది.

"కంపెనీవాళ్ళు ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఇస్తార్లే" అన్నాడు హనుమంతయ్య మామ. పెద్దమనిషి మాట. జేబులో వేసుకున్నాను.

పేస్టు రాత్రంతా ఆరాలి. రేపు పిలుపు. సుమకు మాట ఇచ్చాను. ఆమె తలెత్తి కూడా చూడలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఆయిల్ పోశాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. కొబ్బరికాయ. కర్పూరం. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది! అమ్మ దండం పెట్టింది. హనుమంతయ్య మామ చప్పట్లు కొట్టాడు. నేను కొత్త చొక్కా వేసుకోవడానికి లోపలికి పరిగెత్తాను.

బయటికి వచ్చేసరికి బండి కింద ఒక చుక్క.

కొత్త చాంబర్ కదా, చెమట పడుతోంది అనుకున్నాను. అలా జరుగుతుందని ఎక్కడో విన్నాను. కాస్సేపటికి చుక్కలు ధార అయ్యాయి. పొయ్యి పక్కనున్న డబ్బా తెచ్చి పెట్టాను. (ఈసారి అమ్మను అడిగే.) బోల్టులు ఇంకా బిగించాను. ధార ఇంకో పక్కకు మళ్ళింది.

సుమ వచ్చి నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ చాంబర్ కారితే కారనీప్పా. మా తమ్ముడు లేకుండా పాప చెవి ఎవుర్నీ ముట్టుకోనియ్యను. అంతే."

"కావాలంటే నా ఒళ్ళో కూర్చోబెట్టుకొంటా అమ్మా, నేనూ ఒక విధంగా మామే కదా" అన్నాడు హనుమంతయ్య మామ. సుమ చూసిన చూపుకు ఆయన మంచం మడుచుకుని ఇంటికి పోయాడు.

ఇప్పుడు కాస్త భయమేస్తోంది నాకు. పాప పుట్టినప్పటి నుంచీ మాదేశ్ దాన్ని దించకుండా మోశాడు. పాపకు నడక నేర్పింది కూడా వాడే, షెడ్డులో టైరు పట్టుకొని నడిపించి. రేపు పెద్దదై, నా చెవులు కుట్టినప్పుడు మామ ఏడీ అని అడిగితే ఏం చెప్పాలి? ఆయిల్ చాంబర్ అని చెప్పనా?

ఫిబ్రవరి 7, శనివారం

ప్రతిజ్ఞను క్షుణ్ణంగా పరిశీలించాను. నేనన్నది, నా బండి నీ షెడ్డు గడప తొక్కదు అని. తొక్కడమంటే తనంతట తాను నడిచి పోవడం. ఇంకో బండి ఈడ్చుకుపోతే అది తొక్కడం కాదు. కాబట్టి మాట తప్పినట్టు కాదు. పైగా రేపు చుట్టాలను గుడికి తీసుకెళ్ళడానికి బండి కావాలి.

హనుమంతయ్య మామ ట్రాక్టరుకు తాడు కట్టాం. స్టీరింగు దగ్గర నేను, కొత్త చొక్కాతో. పక్కన సుమ, ఒళ్ళో పాప, చేతిలో తాంబూలం పళ్ళెం. దారి పొడుగునా జనం నిలబడి చూశారు. ఎవరో పెళ్ళా అని కూడా అడిగారు.

షెడ్డు ముందు ఆగాం. హారన్ కొట్టాను, ప్లానులో ఉంది కదా. మాదేశ్ ఒక లారీ కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. ట్రాక్టరును చూశాడు. తాడు చూశాడు. నన్ను చూశాడు.

"ఏం బావా, పిలిచేదానికి వచ్చినావా, బండి చూపించేదానికి వచ్చినావా?"

"పిలిచేదానికే వచ్చినా. బండి ఊరికే తోడు వచ్చింది."

టీ మాస్టరు గ్లాసు కింద పెట్టేసి మరీ నవ్వాడు. మాదేశ్ నవ్వలేదు. పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చి, రెండు చేతులా తాంబూలం తీసుకున్నాడు. ఆ తరువాత బండి కిందికి వంగి చూశాడు.

"పసుపు మీద పేస్టు పట్టదు బావా. నీ స్టేటస్ చూసినప్పుడే అనుకొన్నా, ఇది కారతాదని."

"అప్పుడే చెప్పేదానికి ఏమిరా నీకు?"

"నువ్వు పిలవనే లేదే! పిలవకుండా నేనెట్ల నోరు తెరిచేది? రోషం నీకొక్కడికేనా ఉండేది?"

"ఇద్దరికీ ఉండేది రోషం కాదు, పొగరు!" అంది సుమ. ఇద్దరం తల దించుకున్నాం.

మాదేశ్ షెడ్డులో దేవుని పటం వెనక నుంచి చిన్న పొట్లం తీశాడు. పాపకు బంగారు కమ్మలు. "ఎప్పుడో కొనిపెట్టినా అక్కా. బావ పిలవకుంటే ఎవరితో పంపించాలా అని వారం పొద్దులూ ఇదే దిగులు" అన్నాడు. నాకు చాలా సిగ్గేసింది. జేబులోంచి ఆ మిగిలిన బోల్టు తీసి వాడికిచ్చాను.

సాయంత్రానికి చాంబర్ దించి, పసుపంతా గీకి, అద్దంలా తుడిచి, మళ్ళీ బిగించాడు. పసుపు గీకిన సంగతి అమ్మకు చెప్పకూడదని ముగ్గురం అనుకున్నాం.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఒక్క చుక్క కారలేదు! చుట్టాలందరితో గుడి చేరాం.

మాదేశ్ కొత్త పంచె కట్టుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కంసాలి ఆచారి మొదటి చెవి కుట్టాడు. పాప ఒక్క క్షణం బిత్తరపోయింది, నోట్లో బెల్లం ముక్క పెట్టగానే ఊరుకుంది.

మాదేశ్ ఊరుకోలేదు. భోరుమన్నాడు. "ఇంక చాలు ఆచారీ, ఒక చెవి చాల్లే! రెండోది వద్దు!" అని పాపను ఎత్తుకుని లేవబోయాడు. నేనూ హనుమంతయ్య మామా చెరో భుజం పట్టుకుని కూర్చోబెట్టాం. రెండో చెవి కుడుతుంటే, పాపే బెల్లం చేత్తో వాడి కళ్ళు తుడిచింది. ఇంత మంచి రోజు ఈ మధ్య చూడలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

బ్రేకు కొడితే కీచుమంటోంది. చూపిద్దామని సూళగిరి వెళ్ళాను. మాదేశ్ ఇంకా రాలేదు. టీకొట్టు దగ్గర ఊరికే కూర్చోలేక, ముందు బ్రేకు సంగతి, ఆ తరువాత గుడిలో వాడు ఏడ్చిన కథ చెప్పాను. కాస్త నటించి కూడా చూపించాను. అందరూ విరగబడి నవ్వుతున్నారు, వాడు వెనకే నిలబడి ఉన్నాడు.

"నీ బండికీ బ్రేకు లేదు, నీ నోటికీ లేదు బావా!" అన్నాడు.

ఇప్పుడు అందరూ నన్ను చూసి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"నా బండి ఇంక నీ షెడ్డు గడప తొక్కదు రా! బ్రేకులు నేనే మారుస్తా!"

ఇంటికొచ్చి వీడియో పెట్టుకున్నాను. ఏముంది ఇందులో? చక్రం విప్పాలి, పాతవి తీయాలి, కొత్తవి వేయాలి. అంతే! రేపు పొద్దున్నే మొదలు.

సుమ వచ్చి ఫోనులోకి తొంగిచూసింది. "పాపకు కుట్టేదానికి ఇంక చెవి లేదప్పా. ఈసారి ఏం చెప్పి పిలుస్తావు వాణ్ణి?" అంది.

"ముక్కుంది కదా" అన్నాను.