మూడో డ్రమ్ముకి బొట్టు

సెప్టెంబర్ 1, సోమవారం
చోడవరం గోడౌన్‌లో సేఫ్టీ అసిస్టెంట్‌గా చేరాను. ఇక్కడి సరుకు హైడ్రోస్. బట్టల రంగు తీసే తెల్లపొడి. డ్రమ్ముల్లో వస్తుంది, మేము కిలో ప్యాకెట్లు కడతాం. కొంచెం తడి తగిలినా వేడెక్కి, పొగలు కక్కి, మండుతుంది.

గేటు దగ్గర బోర్డు పెట్టించాను: ప్రమాదం లేని రోజులు. ముప్పై అంకె పడితే నా ఉద్యోగం పర్మనెంట్ అని మేనేజర్ హరిబాబు గారు చెప్పారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగానికీ నేనే మొదలు కావాలి.

నా నిర్ణయాలు:
1. చిన్న పొరపాటు జరిగినా అంకె సున్నా చేస్తాను.
2. సాకులు చెప్పను.

సెప్టెంబర్ 3, బుధవారం
ఉదయం 11. లోడింగు చూసే సత్తిబాబు మావయ్య పొడి తీసే గరిటెను శుభ్రంగా కడిగి, తడితోనే డ్రమ్ములో పెట్టబోయాడు. శుభ్రత గురించి నిన్న క్లాసు తీసుకున్నది నేనే. గరిటె కొన తగిలి, దానికి అంటిన పొడి చుయ్యిమంది. అగ్గిపుల్లలు కాలిన వాసన. గరిటెను బయట పారేయించాను.

సున్నా చేయాలా? వాసన కంటికి కనపడదు. కనపడనిదాన్ని బోర్డు మీద ఎలా రాస్తాం?
అంకె: 3.

సెప్టెంబర్ 9, మంగళవారం
ప్యాకింగ్ చేసే సన్యాసమ్మ పిన్ని మూడో డ్రమ్ము మీద కూర్చుని మజ్జిగన్నం తింటోంది. లేబుల్ మీది ఇంగ్లీషంతా తెలుగులో చదివి వినిపించాను. ఓపిగ్గా విని నవ్వింది.

"ఒసే గుంటా, ఇది నాకు తెల్దేటి? బెల్లం వొండినప్పుడు మరుగుతున్న పెనంలోకి గుప్పిళ్ళతో ఏసేవోళ్ళం. బెల్లం తెల్లబడేది గానీ ఎవులం కాలిపోనేదు."

"పెనం నిండా రసం ఉంటుంది పిన్నీ, అందులో కలిసిపోతుంది. డ్రమ్ములో రెండు చుక్కలు పడితే అలా కాదు."

"అయితే మజ్జిగ నాను తాగేస్తాన్లే. నీ డ్రమ్ముకెందుకు పోస్తాను?"

నిజమే. తాగింది మనిషి. డ్రమ్ము కాదు.
అంకె: 9.

సెప్టెంబర్ 12, శుక్రవారం
నిన్న రాత్రి మా అమ్మను అడిగాను, చదువు రానివాళ్ళకు దేన్ని ముట్టకూడదో ఎలా చెప్పాలని.

"బొట్టెట్టీ. బొట్టెట్టినదాని మీద ఎవులైనా కూకుంటారేటి?"

నాలుగేళ్ళ డిగ్రీలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే డ్రమ్ములన్నిటికీ పొడి పసుపు, పొడి కుంకుమ. నీళ్ళు కలపలేదు. నేను చదువుకున్నదాన్ని.

సెప్టెంబర్ 15, సోమవారం
అద్భుతం. ఎవరూ కూర్చోవడం లేదు. ఎవరూ ఆనుకోవడం లేదు. సత్తిబాబు మావయ్య డ్రమ్ము పక్కనుంచి వెళ్తూ చుట్ట ఆర్పేశాడు. మూడేళ్ళుగా ఆర్పని చుట్ట అది.
అంకె: 15. సగం దూరం వచ్చేశాను.

సెప్టెంబర్ 18, గురువారం
గోడౌన్ గుమ్మం బయట సేఫ్టీ బూట్లు, పదకొండు జతలు, వరసగా ఉన్నాయి. లోపల అందరూ ఒట్టికాళ్ళతో.

"బొట్టున్నకాడికి బూట్లేసుకుని ఎలా ఎల్తాం?" అంది సన్యాసమ్మ పిన్ని.

కనీసం బూట్లు వరసగా పెట్టారు. క్రమశిక్షణ ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి.
అంకె: 18.

సెప్టెంబర్ 23, మంగళవారం
మూడో డ్రమ్ముకి మహిమ ఉందట. సత్తిబాబు మావయ్య గేదెకు కష్టకాన్పు అయితే డ్రమ్ముకి దండం పెట్టుకుని వెళ్ళాడట. పెయ్యదూడ పుట్టింది. హరిబాబు గారు కూడా లోపలికి వస్తూ డ్రమ్మును తాకి కళ్ళకద్దుకున్నారు.

బొట్లు తుడిచేద్దామన్నాను.

"నవరాత్రుల్లో బొట్టు తుడుస్తావేటమ్మా? అయినా ఎట్టింది నువ్వే కదా," అన్నారాయన.

వారం ఆగుదాం. అప్పటికి ముప్పై అయిపోతుంది.
అంకె: 23.

సెప్టెంబర్ 26, శుక్రవారం
10.05. ప్యాకింగ్ కోసం మూడో డ్రమ్ము మూత తీశారు. నేను ఆఫీసు గదిలో ఉన్నాను. సత్తిబాబు మావయ్య మొక్కు తీర్చుకోవడానికి డ్రమ్ము అంచు మీద కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు లోపల పడ్డాయి.
10.06. పొగ. "తల్లి పలికింది," అన్నాడు.
10.07. సన్యాసమ్మ పిన్ని లెంపలేసుకుంటోంది. నేను పరుగెత్తుకొచ్చి ఆమె రెక్క పట్టుకుని లాగాను.
10.09. గాలికి ఎదురుగా అందర్నీ బయటికి తరిమాను. పదకొండు మంది, ఒట్టికాళ్ళతో కంకర మీద కుంటుతూ.
10.40. ఫైర్ వాళ్ళు వచ్చి చాలాసేపు నీళ్ళతో ముంచెత్తారు.

"తడి తగలకూడదన్నావు, మరి ఇదేటే?" అని దగ్గుతూనే అడిగింది పిన్ని.

"కొంచెం తగిలితే మండుతుంది పిన్నీ. ఇంత పోస్తే చల్లారుతుంది."

"ఈ మాట ముందే సెప్పుంటే కొబ్బరికాయలు ఎక్కువ కొట్టించేవోళ్ళం కదా."

ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సాయంత్రం 4. హరిబాబు గారు పిలిచారు.

"అంకె ఉంచీమ్మా. నాలుగు రోజులే ఉంది."

"సరుకు కాలింది సార్."

"మూడో తారీకున గరిటికాడ వాసనొస్తే నువ్వు ఏటి రాసేవు?"

ఆయనకు తెలుసు. ఆ రోజు వాసనకు సాకు దొరికింది కాబట్టే తర్వాత మజ్జిగకు దొరికింది, బూట్లకు దొరికింది. ఏ రోజు సున్నా చేసినా వీళ్ళు కారణం అడిగేవారు. అడిగితే చెప్పేదాన్ని. అంకె కోసం నేనే ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

"ఉంచితే పర్మనెంట్. తీసేస్తే మల్లీ మొదటికే," అన్నారు.

సెప్టెంబర్ 27, శనివారం
ఉదయం 9. అందర్నీ బోర్డు దగ్గరికి పిలిచి చెప్పాను: గరిటె, మజ్జిగ, బూట్లు, బొట్టు. ఇందులో నా తప్పులు ఏవో కూడా చెప్పాను. సున్నా రాయడానికి సుద్దముక్క తీశాను. చెయ్యి లేవలేదు.

సన్యాసమ్మ పిన్ని ముక్క లాక్కుంది. "ఇలా తే. అక్షరాలు రావు గానీ సున్నా సుట్టడం వొచ్చు."

బోర్డు నిండేంత సున్నా చుట్టింది.

"ఇప్పుడు సెప్పు. ఈ సున్నా ఎందుకొచ్చిందో మల్లీ మొదట్నుంచి సెప్పు. ఈసారి నవ్వను."

చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై రోజులు, ఈరోజు నుంచే.