తలకాయ ముక్క

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడు అమ్మాయి నన్ను ముక్త్యాలలో ఏటి ఒడ్డున మనం వెళ్ళే హోటలుకు తీసుకెళ్ళింది. బొచ్చె చేప పులుసు చెప్పాం.

"సారు రాలేదా అమ్మా? తలకాయ ముక్క ఎవరికెయ్యమంటారు?" అన్నాడు హోటలాయన.

"నాకే వెయ్యండి" అన్నాను.

"అందులో ఏముంది, అన్నీ ఎముకలే, మీరు ముక్కలు తినండి" అంటూ ఇన్నేళ్ళూ తలకాయ మీరే తిన్నారు. మా కోసం ఎంత త్యాగమోనని మీ చెల్లెలి దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని. నిన్న బుగ్గ దగ్గర కండ తిని, మెదడు జుర్రాక తెలిసింది మీ త్యాగం.

కళ్ళు తుడుచుకుంటుంటే "ఏడవకమ్మా" అంది అమ్మాయి.

"ఏడుపు కాదే, కోపం" అన్నాను.

తనూ కాస్త రుచి చూస్తానంది.

"అందులో ఏముందే, అన్నీ ఎముకలే, నువ్వు ముక్కలు తిను" అన్నాను.