నాన్నమ్మ మెచ్చిన టీవీ

అమ్మకి,

నమస్కారాలు. నువ్వు అక్కడ ఆరోగ్యంగా ఉన్నావనీ, మీ ఫ్యాక్టరీలో కుట్టు నేర్పే హాలుకి ఎట్టకేలకు ఫ్యాన్లు పెట్టించారనీ తలుస్తాను. ఇక్కడ మేం ముగ్గురం తింటున్నాం, పడుకుంటున్నాం, ఒకరి మీద ఒకరం విసుక్కుంటున్నాం. అంటే క్షేమమే అనుకో.

ఫోనుండగా ఉత్తరమెందుకని నువ్వు అడగవు. ఈ అలవాటు మొదలుపెట్టింది నువ్వే. మన ఇంట్లో ఫోన్లో మాట్లాడటమంటే సభలో మాట్లాడటం కదా. నాన్న స్పీకరు నొక్కి ఫోన్ని బల్ల మధ్యలో పెడతాడు. నాన్నమ్మ కుర్చీ ముందుకు లాక్కుంటుంది. ఇక నువ్వు "ఏం కూర?" అని అడగడం, మేం ముగ్గురం మూడు కూరలు చెప్పడం, అంతటితో సరి.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది నాన్న మోకాలు. వాపు తగ్గింది. డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు, వచ్చే బస్సులకీ వెళ్ళే బస్సులకీ టైము రాయడం. "ఇంతమంది తిరుగుతుంటే కూర్చుని జీతం తీసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే" అని మొదట సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ఇంట్లో కూడా టైము రాసేలా ఉన్నాడు. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గడియారం వంక చూస్తాడు.

రెండోది నీ కుట్టుమిషను. ముసుగు తీయలేదు, ఆదివారాలు నూనె మాత్రం వేస్తున్నాను. నేను దాని దగ్గరకు వెళితే చాలు, "దాన్ని ముట్టుకోకే బొంగరం, మీ అమ్మ వచ్చేసరికి అది కూడా నీలాగే నిలవకుండా తిరగడం నేర్చుకుంటుంది" అని నాన్నమ్మ అదిలిస్తుంది. నువ్వు పెట్టిన పేరు ఆవిడ నోట్లో ఇంకా అరగలేదు.

మూడో సంగతికి చివర్లో వస్తాను.

టీవీ కొన్న సంగతి నీకు ఫోన్లో తెలిసింది. "వచ్చింది, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు నాన్న. ఎలా కొన్నామో నువ్వు వినలేదు. పాత డబ్బా చివరికి ఏ స్థితికి వచ్చిందో నీకు గుర్తుందిగా. బొమ్మ పైనుంచీ కిందనుంచీ నలిగి నలిగి మధ్యలో తెల్ల గీతలా మిగిలింది. నాన్న కొట్టే చెంపదెబ్బలకి కూడా లేవడం మానేసింది. నువ్వు ఓవర్‌టైం చేసిన డబ్బు పంపిస్తూ, "అత్తయ్య ఇన్నేళ్ళూ మనుషుల్ని ఆ డబ్బాలో ఇరికించి చూసింది. ఈసారి వెడల్పాటిది కొనండి. ఆవిడకి నచ్చిందే కొనండి" అన్నావు. ఆ మాట నాన్నమ్మ మూడు ఇళ్ళవాళ్ళకి చెప్పుకుంది. కోడలు టీవీ కొనిపెట్టిందని కాదు, నచ్చిందే కొనమందని.

బజారులో ఆ పెద్ద షాపుకి ముగ్గురం వెళ్ళాం. గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకే చిలుక ఒకేసారి రెక్కలు విప్పుతోంది. నాన్న మన గోడని జానలతో కొలుచుకుని వచ్చాడు. సేల్స్‌మన్ అంగుళాలు చెబుతుంటే తన జానతో లెక్క సరిపోవడం లేదు.

"అంగుళాలంటే వెడల్పు కాదు సార్. ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా."

"మూల నుంచి మూలకి కొలిస్తే మా వంటిల్లు కూడా హాలేనయ్యా" అన్నాడు నాన్న.

ఆ పెద్దమనిషి ఏమీ నొచ్చుకోలేదు. మన డబ్బుల కవరు ఎంత లావుందో కళ్ళతోనే కొలిచేసి మమ్మల్ని ముందు వరస నుంచి మెల్లగా వెనక గోడకి నడిపించాడు. దారిలో ఒక ఖరీదైనది చూపించి, "ఇది మాట వింటుంది సార్, నోటితో చెబితే చాలు, ఛానలు మార్చేస్తుంది" అన్నాడు.

"నా ఇంట్లో నా మాట వినేది ఒకటుండాలనే నాకూ ఉంది. అంత పెట్టలేను" అన్నాడు నాన్న.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి చిన్నది, అన్ని హంగులూ ఉన్నది. రెండోది వెడల్పాటిది, కిందటేడాది రకం, ఏ హంగూ లేనిది. ఖరీదు ఇంచుమించు ఒకటే. నాన్న ఇటూ అటూ కాళ్ళు మార్చి, నిర్ణయం నాన్నమ్మ మీద పెట్టాడు. ఆవిణ్ణి ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా ఆ వెడల్పాటి టీవీ.

"మామ్మగారూ, మీరు చెప్పండి. ఏది బావుంది?"

నాన్నమ్మ గడ్డం కాస్త పైకెత్తి ఎదురుగా చూసింది. "ఇదే. ఎంత నిండుగా ఉంది బొమ్మ! ఆ రంగులు చూడు, కళ్ళు చల్లబడుతున్నాయి."

అమ్మా, ఆ టీవీ ఆరిపోయి ఉంది. వేరే దానికి ప్లగ్గు కావలసి వచ్చి సేల్స్‌మన్ అంతకుముందే దాని వైరు లాగేశాడు. ఎదురు గోడ మీది వెలుగులు ఆ నల్ల అద్దంలో మసగ్గా కదులుతున్నాయంతే.

సేల్స్‌మన్ పగలబడి నవ్వాడు. "మామ్మగారు భలే జోకులేస్తారండీ!" నాన్నా నవ్వాడు. నాన్నమ్మ కూడా నవ్వింది. కానీ వాళ్ళిద్దరూ మొదలుపెట్టాక. ముందు వాళ్ళ నవ్వు విని, అది ఎందుకో తెలియక, తర్వాత తనూ కలిపింది. ఆ ఆలస్యం నేను చూశాను.

నాన్న డబ్బు కట్టడానికి వెళ్ళాడు. నేను నాన్నమ్మని మెట్ల దగ్గరకు తీసుకెళ్ళి, "నీకు కనిపించడం లేదు కదూ?" అన్నాను.

"వెలుగు తెలుస్తుంది. మనుషులు మసగ్గా. గొంతు వింటే ఎవరో తెలిసిపోతుంది. చాల్లేవే."

"ఎప్పట్నించి?"

"అదీ ఒక్కరోజులో వస్తుందా ఏం? మెల్లగా వచ్చింది, మర్యాదస్తురాలిలా." తర్వాత నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నాకు ఇంకా గుర్తుంది. "మీ నాన్నకి చెప్పావంటే ఫోనెత్తుతాడు. మీ అమ్మ అక్కడ పని సగంలో వదిలేసి పరిగెత్తుకొస్తుంది. ఇటు నీకు కొత్తగా వచ్చిన ఉద్యోగం కాస్తా నీళ్ళపాలవుతుంది. ఇద్దరి కాళ్ళకీ నన్ను అడ్డం పడమంటావా? నువ్వెళ్ళి చేరు. మీ అమ్మ రానీ. అప్పుడు చూపించుకుంటాను. నా మీద ఒట్టెయ్యి."

నేను ఒట్టు వేయలేదు. నోరూ విప్పలేదు.

టీవీ వచ్చాక మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరిపోయింది. మన ఇంట్లో సాయంత్రాలు ఎలా గడిచేవో ఆలోచించు. వెలుతురు కిటికీలోంచి వస్తుందని నీ మిషను అటువైపు, టీవీ నీ వీపు వైపు. నువ్వు కుడుతూ ఉంటే నాన్నమ్మ సీరియలు చూస్తూ, "పెద్దకోడలు ఇప్పుడు గుమ్మంలో నిలబడిందమ్మాయ్, ఆకుపచ్చ చీర కట్టింది, మొహం చూస్తే ఏదో దాస్తున్నట్టుంది" అని నీకు చెబుతూ ఉండేది. నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసేదానివి కాదు. నీకు ఆ అవసరమే ఉండేది కాదు.

నువ్వు వెళ్ళబోయే ముందు రోజుల్లో ఆవిడ ఆకుపచ్చ అన్న చీర తెరమీద ఎర్రగా ఉండటం నేను చూశాను. పెద్దతనం అనుకుని నవ్వుకున్నాను. అన్నీ గమనిస్తానని నాకు నేనే కితాబిచ్చుకుంటాను కదా, గమనించాను, అంతే.

ఇప్పుడు ఆ చెప్పే పని నాది. నాన్నకి అనుమానం రాకుండా తిట్టే వంకతో చెబుతాను. "ఛీ, ఏడవడానికి కూడా ఇంత జరీ చీరా", "చూడు నాన్నమ్మా, తలుపు వెనక నక్కి వింటోంది మహాతల్లి." ఆవిడ తలాడిస్తుంది. ఒకసారి నాన్న రిమోటు మీద కూర్చుని టీవీ గొంతు ఆపేశాడు. "కరెంటు పోయిందా?" అంది నాన్నమ్మ. తెరమీద పెద్దకోడలు నోరంతా తెరిచి ఏడుస్తోంది. నేను చటుక్కున, "కరెంటు కాదులే, నాన్న వీపు" అని నవ్వేసి గొంతు పెంచాను. నాన్న కూడా నవ్వాడు. మా దొంగతనం ఎంత సాఫీగా సాగుతోందో చూశావా.

మొన్న సాయంత్రం ఆ సాఫీతనం చెడింది. పక్కింటావిడ పిలిస్తే వీధిలోకి వెళ్ళాను, మాటల్లో పడి ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి కేబులు పోయినట్టుంది. అంత వెడల్పు తెర మొత్తం నీలం. సిగ్నలు లేదన్న ముక్క మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకి తేలుతూ తిరుగుతోంది. చప్పుడు లేదు. నాన్న వెనక కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నాన్నమ్మ వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో కలిపి, ఆ నీలం వైపు చూస్తూ నవ్వుతోంది. కొత్తవాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళు చూపించే ఫోటోలకి నవ్వుతామే, ఆ నవ్వు. ఎవరైనా ఏదైనా అనేదాకా అలాగే నవ్వుతూ కూర్చునేది. ఎంతసేపటి నుంచి అలా ఉందో నాన్నని అడగలేను కదా.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్ళగానే ఆవిణ్ణి కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "మాట తప్పావే" అంది రిక్షాలో. "తప్పాను" అన్నాను.

కుడికంట్లో శుక్లం బాగా ముదిరింది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందట. వచ్చేవారం చేస్తామన్నారు. ఎడమకంటికి నరం దెబ్బతింది. అది ఇక రాదు. డాక్టరమ్మ మంచి మనిషే, గొంతు పెంచలేదు. కంట్లో లైటు వేసి చూస్తూనే, "ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా? కొంచెం ముందు తీసుకురావలసింది" అంది. "ముందు అంటే ఎంత ముందు? ఓ నెల ముందొస్తే?" అని అడిగాను. "నెలకి పెద్ద తేడా ఉండకపోవచ్చు. చెప్పలేం" అంది. ఆ మొదటి ముక్కని పట్టుకుని ఊరట పడదామని చూశాను. రెండో ముక్క పట్టనివ్వడం లేదు.

ఇప్పుడు నీ మూడో సంగతి. "అత్తయ్య కళ్ళజోడు మార్పించారా? నేను బయల్దేరే ముందే సూదిలో దారం ఎక్కించడానికి తడుముకుంటోంది" అని అడిగావు. అంతకుముందు ఉత్తరంలోనూ అడిగావు. దానికి నేను, "వచ్చేవారం తీసుకెళతాను, పెద్ద సమస్యేం లేదు" అని జవాబు రాశాను. అమ్మా, ఆ జవాబు రాసింది షాపు నుంచి వచ్చాకే. అంతా తెలిసే రాశాను.

ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు మెట్ల దగ్గర నుంచి నేను లోపలికి వెళ్ళాను. నాన్న కౌంటరు దగ్గర ఇంకా నీ డబ్బు లెక్కపెడుతున్నాడు. ఒక్క మాట చెబితే కవరు మూసి జేబులో పెట్టుకునేవాడు. టీవీకి బదులు ముగ్గురం నేరుగా ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. "ఏమిటమ్మా?" అన్నాడు. "రిమోట్లో బ్యాటరీలు వాళ్ళే ఇస్తారేమో అడుగు" అన్నాను.

ఆవిడకిచ్చిన మాట కోసం ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అసలు మాటే ఇవ్వలేదుగా. నాన్నమ్మ నా ఉద్యోగం పేరెత్తగానే నా గుండె తేలికపడింది. నేను ఆగిపోనక్కర్లేదని ఆవిడే అనేసింది, నాకు అదే చాలింది. నువ్వు దూరంలో, నాన్న మోకాలితో, ఇంట్లో చూపులేని మనిషి ఉందని బయటపడితే ఉండిపోవలసింది నేనే. వచ్చేనెల రైలెక్కి, ఆ పటాలు గీసే ఆఫీసులో కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఈ వీధి, ఈ మెట్లు, ఈ స్పీకరు ఫోను అన్నీ వదిలేసిపోవాలని నాకు ఎంత ఆత్రమో నీకు తెలుసు. ఆ ఆత్రంతో ఆవిడ చీకట్లో ఉన్న సంగతి మీద నేనే ముసుగు కప్పాను. నీ ఓవర్‌టైం పెట్టి ఆవిడకి కనపడని టీవీ కొనిపించాను.

ఈ రాత్రి నాన్నకి చెబుతాను. ఈ ఉత్తరం నీకు అందేలోపే ఫోను వస్తుంది. కానీ అందులో నాన్నమ్మ సంగతే ఉంటుంది, నా సంగతి ఉండదు. అది నువ్వు నా చేతిరాతలో చదవాలని ఇది రాస్తున్నాను. ఆఫీసుకి ఒక నెల గడువు అడుగుతూ రాశాను. జవాబు రాలేదు. ఇవ్వకపోతే ఏం చేస్తానో నాకింకా తెలియదు, ధైర్యంగా ఉన్నట్టు రాయలేను. నిన్ను రావద్దనీ అనను, రమ్మనీ అనను.

టీవీని వెనక్కి ఇచ్చేద్దామా అని ఆసుపత్రి నుంచి వస్తుంటే నాన్నమ్మని అడిగాను. కోపం వచ్చింది ఆవిడకి.

"నాకు నచ్చిందే కొనమంది మీ అమ్మ. నాకది నచ్చింది. చూసి మెచ్చుకోలేదంటే నచ్చనట్టా?" మళ్ళీ తనే, "చీరల రంగులన్నీ కల్పించి చెప్పానే మీ అమ్మకి. పాపం, నమ్మింది. ఆ మిషను తిప్పి పెట్టు. ఆ కన్ను వచ్చినా రాకపోయినా, తను వచ్చాక ఇటు తిరిగి కూర్చుని కుట్టుకోమను. ఈసారి తను చెబితే నేను వింటాను" అంది.

పొద్దున నీ మిషను తిప్పాను. నేల మీద దాని కాళ్ళ అచ్చులు తెల్లగా మిగిలాయి. ఇప్పుడది టీవీకి ఎదురుగా ఉంది. కిటికీ వెలుతురు నీ వీపు మీద పడుతుంది, కుట్టుకి చాలదేమో, ఒక దీపం చూస్తాను. ఎందుకు తిప్పావని నాన్న అడిగాడు. రాత్రికి చెబుతానన్నాను.

తిట్టదలుచుకుంటే ఉత్తరంలోనే తిట్టు. స్పీకర్లో వద్దు.

ఇట్లు,
నీ కూతురు,
బొంగరం